తప్పు గర్భసంచిది కాదు

(దగ్గినా తుమ్మినా మూత్రం జారే సమస్యకు చేసే శస్త్రచికిత్సల గురించి అనంతపురంలో ఆశా కార్యకర్తలు, నర్సులు, పొదుపు సంఘాల సభ్యులు పాల్గొన్న సభలో ఒక స్త్రీవైద్య నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన అక్కలకు, చెల్లెళ్ళకు, పెద్దలకు నమస్కారం.

కిందటి ఏడాది శనక్కాయ పీకే పనులు ముగిసిన తరువాత ఒక అమ్మ నా దగ్గరకు వచ్చింది. వయసు 46 ఏళ్ళు, ముగ్గురు పిల్లల తల్లి, ముగ్గురివీ మామూలు కాన్పులే. దగ్గితే, తుమ్మితే, నీళ్ళ బిందె చంకనెత్తుకుంటే ఒంటేలు జారిపోయి చీర తడిసేదట. అందుకని ఐదేళ్ళ కిందట ఒక ఆసుపత్రికి వెళితే, గర్భసంచి వదులైంది కాబట్టి ఇలా అవుతోందని, దాన్ని తీసేస్తే అంతా సరిపోతుందని చెప్పారట. ఆపరేషన్ చేయించుకుంది. రెండు నెలలు ఇంట్లో కూర్చున్నంత కాలం బాగానే ఉంది. మళ్ళీ బిందె ఎత్తిన రోజునే చీర మళ్ళీ తడిసింది. ఆమె నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగింది: "తీసేదంతా తీసేసినారు కదమ్మా, ఇంకా ఏం మిగిలిందని కారతా ఉంది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే నేను ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. కారుతున్నది మూత్రాశయం నుంచి, గర్భసంచి నుంచి కాదు. గర్భసంచిని తీసినంత మాత్రాన ఈ జబ్బు నయం కాదు. దీనికి వేరే చికిత్స ఉంది, వేరే శస్త్రచికిత్స కూడా ఉంది, అది చాలా సందర్భాల్లో గర్భసంచి తీయడం కన్నా చిన్నది. ఈ మాట మీ ద్వారా ప్రతి ఊరికీ చేరాలని నా కోరిక.

ముందుగా పేరు విషయం తేల్చుకుందాం. రిపోర్టులో ఈ జబ్బును 'స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్' అని రాస్తారు. ఆ స్ట్రెస్ అన్న మాట చూసి, ఇది మనసుకు సంబంధించిన ఒత్తిడి వల్ల వచ్చిందని, దిగులు తగ్గితే తగ్గిపోతుందని ఇంటివాళ్ళు అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను. ఇక్కడ ఒత్తిడి అంటే కడుపులో పుట్టే ఒత్తిడి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా నవ్వినప్పుడు, మూట ఎత్తినప్పుడు కడుపులోని కండరాలు బిగిసి మూత్రాశయాన్ని పైనుంచి నొక్కుతాయి. ఆ నొక్కుడుకు మూత్రమార్గం మూసుకుని నిలబడలేకపోతే మూత్రం బయటికి వస్తుంది. ఇందులో మనసు చేసిన తప్పేమీ లేదు, ఆ మనిషి నిర్లక్ష్యమూ లేదు.

ఇలాగే కనిపించే మరో రెండు సమస్యలను దీని నుంచి విడదీసి చూడడం మీరు నేర్చుకోవాలి, ఎందుకంటే ఆపరేషన్ మంచి చేస్తుందా చెడు చేస్తుందా అన్నది అక్కడే తేలిపోతుంది. మొదటిది ఆత్రం. మూత్రం వస్తోందని అనిపించిన మరుక్షణమే ఆపుకోలేక, మరుగుదొడ్డి తలుపు తీసేలోపే పోవడం. దగ్గు, తుమ్ము లేకపోయినా మూత్రాశయం తనంతట తాను ముడుచుకోవడం వల్ల ఇది జరుగుతుంది. దీనికి మందులు, అలవాట్ల మార్పు అవసరం. నేను ఇప్పుడు చెప్పబోయే ఆపరేషన్లు దీన్ని తగ్గించవు, ఒక్కోసారి పెంచుతాయి కూడా. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి, అప్పుడు ఏది ఎక్కువ బాధిస్తోందో ఆమెనే అడిగి తెలుసుకోవాలి. రెండవది మరింత గంభీరమైనది. కష్టమైన కాన్పు తరువాత గానీ, గర్భసంచి తీసిన తరువాత గానీ, దగ్గుతో పని లేకుండా రాత్రింబగళ్ళు ఆగకుండా కారుతూ ఉంటే, మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడిందేమో అని అనుమానించాలి. దాని చికిత్స పూర్తిగా వేరు. అలాంటి స్త్రీని చూసినప్పుడు వ్యాయామాలు చెప్పి ఇంటికి పంపకండి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురండి.

ఇక దగ్గితే ఎందుకు జారుతుందో చూద్దాం. మగవారిలో మూత్రమార్గం సుమారు 20 సెంటీమీటర్లు ఉంటే స్త్రీలలో సుమారు 4 సెంటీమీటర్లే ఉంటుంది. ఆ చిన్న గొట్టం కింద యోని ముందు గోడ, దానితో పాటు గట్టి పొరలు, రెండు పక్కలా కటి కండరాలకు కట్టుకుని, పసిబిడ్డకు కట్టిన చీర ఉయ్యాలలాగా దాన్ని మోస్తూ ఉంటాయి. బోరుబావి దగ్గర నీళ్ళ పైపును గట్టి నేల మీద తొక్కి చూడండి, నీళ్ళు ఆగిపోతాయి. అదే పైపును బురద మడిలో తొక్కితే పైపు బురదలోకి దిగబడుతుంది తప్ప నీళ్ళు ఆగవు. కాలు అదే, పైపు అదే, తేడా అంతా కింద ఉన్న నేలది. కింద ఆధారం గట్టిగా ఉన్నప్పుడు దగ్గు తెచ్చే ఒత్తిడే మూత్రమార్గాన్ని నొక్కి మూసేస్తుంది. ఆధారం సాగిపోయినప్పుడు అదే ఒత్తిడి మూత్రాన్ని బయటికి తోసేస్తుంది. అమెరికా వైద్యుడు జాన్ డిలాన్సీ 1994లో శరీర నిర్మాణ పరిశీలనతో వివరించిన సూత్రం ఇదే. దీనితో పాటు కొందరిలో మూత్రమార్గం చుట్టూ ఉండే బిగింపు కండరమే బలహీనపడి ఉంటుంది.

ఆ ఆధారం ఎందుకు సాగుతుంది? అన్నిటికన్నా ముందు కాన్పు, అందులోనూ ఎక్కువసేపు సాగిన కాన్పు, పట్టకారు వేసి తీసిన కాన్పు. తరువాత అధిక బరువు, ఏళ్ళ తరబడి తగ్గని దగ్గు, మలబద్ధకం, రోజూ బరువులు మోయడం, ముట్లుడిగే వయసు. పొయ్యి పొగ మధ్య దగ్గుతూ వంట చేసి, మైలు దూరం బిందెలు మోసి, కాన్పు అయిన నెలకే కూలికి వెళ్ళిన మన ప్రాంతపు ఆడవాళ్ళలో ఈ కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. వాళ్ళు దీన్ని ఎలా ఎదుర్కొంటున్నారో మీకు తెలుసు. నీళ్ళు తాగడం తగ్గిస్తారు, ముదురు రంగు చీరలే కట్టుకుంటారు, పెళ్ళికి పిలిస్తే ఒళ్ళు బాగాలేదని చెబుతారు. మే నెల ఎండలో చేనులో పనిచేస్తూ నీళ్ళు తాగకపోతే మూత్రంలో మంట, చీము, కిడ్నీ రాళ్ళు తోడవుతాయి, కారడం మాత్రం ఆగదు.

ఇప్పుడు గర్భసంచి దగ్గరికి వస్తాను. దేశంలో గర్భసంచి తీసివేత ఎక్కువగా జరుగుతున్న రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ముందుందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. వాటిలో నిజంగా అవసరమై చేసినవి ఉన్నాయి. ఆగని రక్తస్రావం, పెద్ద గడ్డలు, క్యాన్సర్, పూర్తిగా జారిపోయిన గర్భసంచి, ఇవన్నీ సరైన కారణాలే. అయితే తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పి అనో, మూత్రం జారుతోందనో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు కూడా నా దగ్గరకు వస్తూనే ఉన్నారు. గర్భసంచి మూత్రాశయానికి వెనుక, పైన ఉంటుంది. అది మూత్రమార్గాన్ని మోయదు, మూయదు. దాన్ని తీసేస్తే మూత్రమార్గం కింది ఉయ్యాల ఒక్క పోగు కూడా బిగుసుకోదు. అంతేకాదు, స్వీడన్ దేశమంతటి వైద్య రికార్డుల ఆధారంగా చేసి 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో, గర్భసంచి తీయించుకున్న స్త్రీలకు ఆ తరువాతి కాలంలో మూత్రం జారే సమస్యకు ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం, తీయించుకోని వారితో పోలిస్తే రెండింతలకు పైగా ఉందని తేలింది. లేని ఆధారాన్ని నిలబెట్టాల్సిన చోట, ఉన్న ఆధారాన్ని కూడా కదిలించినట్టవుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచకుండా చెప్పాలి. గర్భసంచి, మూత్రాశయం బాగా కిందికి జారిన కొందరిలో మూత్రమార్గం మడత పడి, కారడం కనిపించకుండా ఉంటుంది. జారిన భాగాన్ని పైకి ఎత్తి కుట్టగానే మడత విడిపోయి, అప్పటిదాకా లేని కారడం మొదలవుతుంది. ఆపరేషన్ చెడిపోయిందని ఇంటివాళ్ళు డాక్టరుతో గొడవపడతారు. అందుకే జారుడుకు ఆపరేషన్ చేసే ముందు, జారిన భాగాన్ని లోపలికి నెట్టి పట్టుకుని దగ్గించి చూడాలి, ఇలా జరగవచ్చని ముందే చెప్పాలి.

శస్త్రచికిత్స దాకా రాకముందు చేయవలసిన పని ఉంది. కటి కండరాల వ్యాయామాన్ని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వెలుగులోకి తెచ్చాడు. మూత్రాన్నీ అపాన వాయువునూ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలి కండరాలను బిగించి, కాసేపు పట్టి ఉంచి, వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు, కడుపును బయటికి తోయకూడదు. విడతకు కనీసం 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు. సరైన కండరమే బిగుస్తోందో లేదో ఒకసారి డాక్టరు గానీ, ఫిజియోథెరపిస్టు గానీ పరీక్షించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది తెలియక కడుపును కిందికి ముక్కుతూ, ఉన్న సమస్యను పెంచుకుంటారు. బరువు ఎక్కువ ఉన్నవాళ్ళు తగ్గితే కారడం తగ్గుతుంది. దగ్గుకు, మలబద్ధకానికి, మధుమేహానికి చికిత్స చేయించుకోవాలి. తేలికగా కారే చాలామందికి ఇంతటితోనే సరిపోతుంది.

ఎక్కువగా కారేవారి సంగతి వేరు. నెదర్లాండ్స్‌లో 460 మంది స్త్రీలపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో సగం మందికి వ్యాయామంతో, సగం మందికి మూత్రమార్గం కింద పట్టీ పెట్టే స్లింగ్ ఆపరేషన్‌తో చికిత్స మొదలుపెట్టారు. ఏడాది గడిచేసరికి మెరుగయ్యామని చెప్పినవారు ఆపరేషన్ వైపు 100కు సుమారు 91 మంది, వ్యాయామం వైపు 64 మంది. వ్యాయామంతో మొదలుపెట్టినవారిలో 49 శాతం మంది ఆ తరువాత ఆపరేషన్‌కు మారారు. దీన్ని బట్టి వ్యాయామం వృథా అనుకోకూడదు, సగం మందికి కత్తి అవసరం రాలేదు కదా. అయితే మూడు నెలలు నిజాయితీగా చేసినా తడుస్తూనే ఉన్న మనిషితో 'ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి' అని ఏళ్ళు గడపడం కూడా న్యాయం కాదు.

ఆపరేషన్‌కు ముందు పరీక్షలు ఎక్కువ ఖర్చుతో కూడుకున్నవి కావు. మూత్ర పరీక్ష చేయాలి, చీము ఉంటే ముందు దానికి మందు వాడాలి. మూడు రోజుల పాటు ఎన్నిసార్లు వెళ్ళింది, ఎంత తాగింది, ఎప్పుడు జారింది అని ఒక కాగితం మీద రాసుకోవాలి. చదువురాని అమ్మకు ఆశా చెల్లెలో, బడికి వెళ్ళే మనవరాలో రాసిపెట్టవచ్చు. మూత్రాశయం నిండుగా ఉండగా దగ్గించి, జారడాన్ని డాక్టరు కళ్ళారా చూడాలి. మూత్రానికి వెళ్ళివచ్చాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడాలి. మూత్రాశయంలోని ఒత్తిడిని కొలిచే యూరోడైనమిక్స్ అనే ఖరీదైన పరీక్ష కోసం బెంగళూరు దాకా వెళ్ళి రావాలా అని చాలామంది అడుగుతారు. దగ్గితే జారడం స్పష్టంగా కనిపించి, ఇతర చిక్కులు లేని 630 మంది స్త్రీలపై అమెరికాలో జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ పరీక్ష చేసినవారిలో 76.9 శాతం, చేయనివారిలో 77.2 శాతం మందికి చికిత్స ఫలించింది. తేడా లేదు. పాత ఆపరేషన్ విఫలమైనవారికి, ఆత్రం ఎక్కువగా కలిసి ఉన్నవారికి, మూత్రం పూర్తిగా ఖాళీ కానివారికి, నరాల జబ్బు ఉన్నవారికి మాత్రం ఆ పరీక్ష కావాలి.

ఇక శస్త్రచికిత్సలు. నూరేళ్ళకు పైగా వైద్యులు ఈ 4 సెంటీమీటర్ల గొట్టంతో కుస్తీ పడుతున్నారు. అమెరికాలో హోవర్డ్ కెల్లీ 1914లో యోని ముందు గోడను తెరిచి, మూత్రాశయం మెడ దగ్గరి పొరలను మడతపెట్టి కుట్టే పద్ధతిని వివరించాడు. దశాబ్దాల పాటు అదే నడిచింది. సాగిపోయిన గుడ్డను మడిచి కుట్టినట్టే, కొంతకాలానికి కుట్టు మళ్ళీ సాగుతుంది. దగ్గితే జారే సమస్య ఒక్కదానికే ఈ ఆపరేషన్ చేయవద్దని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా గర్భసంచి తీసేటప్పుడు 'ముందు గోడకు కుట్టు కూడా వేశాం, మూత్రం ఆగిపోతుంది' అని చెప్పే అలవాటు పోలేదు. జారిన మూత్రాశయాన్ని ఎత్తడానికి ఆ కుట్టు పనికివస్తుంది. కారడం ఆపడానికి దాన్ని నమ్ముకోకూడదు.

1961లో జాన్ బర్చ్ అనే వైద్యుడు ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ బతికి ఉంది. పొత్తికడుపు కింది భాగంలో కోత పెట్టి గానీ, ఇప్పుడైతే చిన్న రంధ్రాల ద్వారా లాపరోస్కోప్‌తో గానీ, మూత్రాశయం మెడకు రెండు పక్కలా ఉన్న యోని కణజాలాన్ని కరగని కుట్లతో ముందు ఎముక వెనుక ఉన్న గట్టి స్నాయువుకు వేలాడదీస్తారు. వేరే కారణంతో కడుపు తెరవవలసి వచ్చినప్పుడు ఇది మంచి ఎంపిక. దీని తరువాత కొందరిలో యోని వెనుక గోడ జారే అవకాశం ఉంది.

స్లింగ్ అన్నది మరో దారి. సాగిన ఉయ్యాల కింద కొత్త ఉయ్యాల కట్టడం. ఇందులో పాతదీ, నా దృష్టిలో ఇప్పటికీ ఎంతో విలువైనదీ, మనిషి సొంత పొరతో చేసేది. పొత్తికడుపు కండరాల మీద ఉండే తెల్లటి గట్టి పొర నుంచి సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు పట్టీని కత్తిరించి, మూత్రాశయం మెడ కింద పెట్టి, రెండు కొసలను కుట్టు దారాలతో పైకి తెచ్చి కడతారు. ఆల్డ్రిడ్జ్ అనే వైద్యుడు 1942లో ఈ పొరను వాడాడు, మెక్‌గ్వైర్, లిటన్ అనే వైద్యులు 1978లో దాన్ని మళ్ళీ ప్రచారంలోకి తెచ్చారు. బర్చ్ పద్ధతికీ దీనికీ పోటీ పెట్టి 655 మందిపై జరిపిన అమెరికా అధ్యయనం 2007లో వచ్చింది. రెండేళ్ళ తరువాత దగ్గితే జారడం ఆగినవారు స్లింగ్ వైపు 66 శాతం, బర్చ్ వైపు 49 శాతం. అయితే స్లింగ్ చేయించుకున్నవారిలో మూత్రం పోవడానికి కష్టపడడం, మూత్రంలో ఇన్ఫెక్షన్లు ఎక్కువయ్యాయి. బిగుతుగా కడితే కారడం ఆగుతుంది గానీ పోవడమూ కష్టమవుతుంది. ఈ రంగంలో అన్ని ఆపరేషన్ల నైపుణ్యమూ ఆ బిగుతును సరిగ్గా కుదర్చడంలోనే ఉంది.

ఆ బిగుతు సమస్యను కొత్త కన్నుతో చూసినవాడు స్వీడన్ వైద్యుడు ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్. పట్టీని మూత్రాశయం మెడ దగ్గర కాదు, మూత్రమార్గం నడిమధ్యన పెట్టాలనీ, లాగి కట్టకుండా వదులుగా ఉంచాలనీ, దగ్గినప్పుడు మాత్రమే అది అడ్డుపడితే చాలుననీ ఆయన ఆలోచన. 1996లో ప్రచురించిన ఆ పద్ధతినే టీవీటీ అంటున్నాం. యోనిలో మూత్రమార్గం కింద సెంటీమీటరుకు కాస్త మించిన కోత, పొత్తికడుపు కింద ఎముక పైన రెండు చిన్న గాట్లు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారంతో వలలా అల్లిన, సుమారు సెంటీమీటరు వెడల్పు టేపు. కుట్లతో దాన్ని ఎక్కడా కట్టరు, చుట్టూ ఉన్న కండ దాని కళ్ళలోకి పెరిగి పట్టుకుంటుంది. ఆపరేషన్ అరగంటలో అయిపోతుంది, నడుముకు మత్తిచ్చి గానీ, ఆ భాగానికే మత్తిచ్చి గానీ చేయవచ్చు. టేపును మోసుకెళ్ళే సూది ఎముక వెనుకగా వెళ్ళేటప్పుడు 100 మందిలో ముగ్గురు నలుగురికి మూత్రాశయానికి రంధ్రం పడవచ్చు. అందుకే సిస్టోస్కోప్ అనే సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూడకుండా ఈ ఆపరేషన్ ముగించకూడదు. అప్పుడే కనిపెడితే సూదిని తీసి మళ్ళీ సరిగ్గా వేస్తారు, ఒకటి రెండు రోజులు గొట్టం ఉంచితే అది మానిపోతుంది. కనిపెట్టకపోతే టేపు మూత్రాశయంలోనే ఉండిపోయి, రాళ్ళు కట్టి, ఏళ్ళ తరబడి బాధిస్తుంది.

2001లో ఫ్రాన్స్‌కు చెందిన డెలోర్మ్ టేపును ఎముక వెనుకగా కాకుండా తొడ లోపలి వైపు నుంచి పంపే దారిని కనిపెట్టాడు. దీన్ని టీఓటీ అంటారు. ఇందులో మూత్రాశయానికి దెబ్బ తగలడం చాలా అరుదు. రెండు దారులనూ పోల్చి 597 మందిపై జరిపిన అధ్యయనం 2010లో వచ్చింది. ఏడాది తరువాత పరీక్షల్లో జారడం కనిపించనివారు ఎముక వెనుక దారిలో 80.8 శాతం, తొడ దారిలో 77.7 శాతం. మొదటిదానిలో మూత్రం పోక మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవారు 2.7 శాతం, రెండవదానిలో ఎవరూ లేరు. రెండవదానిలో కాళ్ళలో బలహీనత, తిమ్మిరి వంటి నరాల బాధలు రెండింతలకు పైగా ఉన్నాయి. రోజంతా గొంతుక్కూర్చుని కలుపు తీసే మనిషికి గజ్జల్లో నొప్పి చిన్న విషయం కాదు. అందుకే దారి ఎంచుకునేటప్పుడు ఆమె ఏం పని చేస్తుందో అడగాలని నేను మా జూనియర్ డాక్టర్లకు చెబుతాను.

ఇప్పుడు మెష్, అంటే టేపులో వాడే ఆ ప్లాస్టిక్ వల మీద ఉన్న భయం గురించి. సెల్‌ఫోన్లో చూసి, లోపల ప్లాస్టిక్ పెడతారట, నిషేధించారట కదా అని అడుగుతున్నారు. ఆ భయానికి కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. ధర్మవరం మగ్గాలను చూసిన మీకు నేత సంగతి బాగా తెలుసు. ఒంటి పోగుతో వదులుగా అల్లిన వలలో కళ్ళు పెద్దవిగా ఉంటాయి, వాటిలోకి కండ పెరుగుతుంది, క్రిములను తినే రక్తకణాలూ వెళ్ళగలుగుతాయి. అనేక పోగులు పేనిన దారంతో దగ్గరగా నేసిన వలలో క్రిమి దూరి దాక్కుంటుంది గానీ దాన్ని తినే కణం దూరలేదు. అలాంటి టేపులు కొన్ని మొదట్లో మార్కెట్లోకి వచ్చి, చీము పట్టి, బయటికి పొడుచుకొచ్చి చాలామంది స్త్రీలను బాధపెట్టాయి. అంతకన్నా పెద్ద నష్టం, జారిన గర్భసంచికి, మూత్రాశయానికి యోని లోపల పెద్ద పెద్ద మెష్ ముక్కలు పరచడం వల్ల జరిగింది. అమెరికా ప్రభుత్వ సంస్థ 2019 ఏప్రిల్‌లో అమ్మకం ఆపించినది ఆ పెద్ద మెష్‌ను. మూత్రం జారడానికి వాడే సన్నని టేపు ఆ ఆదేశం కిందికి రాలేదు. బ్రిటన్ మాత్రం 2018 జులైలో టేపుతో సహా అన్నిటినీ నిలిపివేసింది. అక్కడ బాధపడిన స్త్రీల గోడు విని 2020లో వచ్చిన విచారణ నివేదిక, ఏళ్ళ తరబడి వాళ్ళు నొప్పి అని చెబుతున్నా వైద్యులు నమ్మలేదని తేల్చింది. ఆ మాట నన్ను చాలా కాలం వెంటాడింది. నా దగ్గర కూర్చున్న ఏ అమ్మ నొప్పి అని చెప్పినా ముందు నమ్మాలి, తరువాతే పరీక్షించాలి అని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను.

నా అభిప్రాయం అడిగితే, సరైన మనిషికి, సరైన టేపును, చేయి తిరిగిన వైద్యులు పెడితే అది మంచి చికిత్సే. ఉల్మ్‌స్టెన్ పద్ధతిలో మొదట్లో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలను 17 ఏళ్ళ తరువాత పరీక్షించినప్పుడు 90 శాతానికి పైగా పొడిగానే ఉన్నారు. అయితే 100 మందిలో ఇద్దరు ముగ్గురికి టేపు యోనిలో బయటపడవచ్చు. కొందరికి కొత్తగా ఆత్రం మొదలవుతుంది, కొందరికి కలయికలో నొప్పి వస్తుంది. పెట్టినంత సులువుగా దాన్ని పూర్తిగా తీయలేము. ఇవన్నీ ఆమెకు తెలుగులో చెప్పి, సొంత పొరతో చేసే స్లింగ్ కూడా ఉందని చెప్పి, ఆ తరువాతే సంతకం తీసుకోవాలి. భర్తకో కొడుకుకో చెప్పి, ఆమెకు చెప్పకుండా వేలిముద్ర వేయించడం తప్పు. ప్లాస్టిక్ వద్దు అని ఆమె అంటే అది చదువు లేనితనం కాదు, ఆమె హక్కు.

మూత్రమార్గం గోడలోకి జెల్ ఇంజెక్షన్ ఇచ్చి ఉబ్బించే పద్ధతి కూడా ఉంది. వయసు మళ్ళినవారికి, మత్తు తట్టుకోలేనివారికి అది పనికివస్తుంది, ఫలితం స్లింగ్ అంత బలంగా ఉండదు, మళ్ళీ ఇవ్వాల్సి రావచ్చు.

ఇంకా పిల్లలు కావాలనుకునేవారు కాన్పులన్నీ అయిన తరువాతే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించాలి, లేకపోతే మరో కాన్పులో ఆ పని చెడిపోవచ్చు. కాన్పు అయిన కొద్ది నెలలకే తొందరపడకూడదు, చాలామందిలో అప్పటికి అది దానంతట అదే తగ్గుతూ ఉంటుంది.

ఆశా చెల్లెళ్ళకు ఒక మాట. 'మీకు మూత్రం జారుతుందా' అని నలుగురిలో అడిగితే ఎవరూ అవునని చెప్పరు. బిడ్డకు టీకా వేయించేటప్పుడో, బీపీ చూసేటప్పుడో, ఒంటరిగా ఉన్నప్పుడు, 'దగ్గితే ఎప్పుడైనా చీర తడుస్తుందా అక్కా, చాలామందికి ఉంటుంది' అని అడగండి. ఆ 'చాలామందికి' అన్న మాటకే కొందరి కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. ఎవరైనా ఈ కారణంతో గర్భసంచి తీయించుకోబోతున్నామని చెబితే, 'నా జబ్బు పేరేమిటి, గర్భసంచి తీస్తే అది ఎలా తగ్గుతుంది' అని డాక్టరును అడగమని చెప్పండి. తృప్తికరమైన జవాబు రాకపోతే మరొకరికి చూపించుకోమనండి. ఇది ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు, ఆలోచించుకోవడానికి నెల రోజులు తీసుకున్నా నష్టం లేదు. ఏ చికిత్స ప్రభుత్వ పథకం కిందికి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

ఆపరేషన్ తరువాత గొట్టం తీశాక ఆమె తనంతట తాను మూత్రానికి వెళ్ళాలి, లోపల ఎంత మిగిలిందో చూడాలి, అది తేలాకే ఇంటికి పంపాలి. ఇంటికి వెళ్ళాక మూత్రం ఆగిపోయినా, జ్వరం వచ్చినా, పొత్తికడుపు ఉబ్బినా, రక్తం ఎక్కువగా పడినా, తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే రావాలి. ఆరు వారాలు బిందె ఎత్తకూడదు, గంప మోయకూడదు, భార్యాభర్తలు దూరంగా ఉండాలి. ఈ ఆరు వారాలే మన ఇళ్ళలో కష్టం. నేను ఇప్పుడు ఆపరేషన్ తేదీ ఇచ్చే ముందు ఆమెతో పాటు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, నీళ్ళు ఎవరు తెస్తారు, పశువులకు మేత ఎవరు వేస్తారు అని అడిగి, పేర్లతో సహా జవాబు చెప్పాకే తేదీ రాస్తున్నాను. వాన పడి విత్తనం వేసే జూన్, జులైలలో గానీ, కాయ పీకే అక్టోబరు, నవంబరులలో గానీ ఎవరికీ తేదీ ఇవ్వను, ఇచ్చినా ఇంట్లో కూర్చోరు.

మొదట చెప్పిన ఆ అమ్మకు మూడు నెలలు వ్యాయామం చేయించి, ఫలితం చాలక, ఆమె కోరుకున్నట్టే సొంత పొరతో స్లింగ్ చేశాం. పది రోజులు మూత్రం పూర్తిగా పోక, గొట్టంతో తీసుకోవడం ఆమెకు నేర్పించాల్సి వచ్చింది. తరువాత అది సర్దుకుంది. సంక్రాంతి తరువాత చేశాం కాబట్టి ఉగాదికి ఆమె మళ్ళీ బిందె ఎత్తింది, కోడలు వద్దంటున్నా వినకుండా. చీర తడవలేదని ఫోన్ చేసి చెప్పింది.

మీరు చీటీల మీద పేర్లు లేకుండా రాసి ఇచ్చిన ప్రశ్నలు నా దగ్గర ఉన్నాయి. ఇక వాటిని ఒక్కొక్కటిగా తీసుకుంటాను.